తాగాడనుకోనీ బావా

“తాగాడనుకోనీ బావా, పోయేదేముంది?”

మా బావమరిది ఈ మాట అన్నప్పుడు మా వంటింట్లో నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాడు. కెనడాలో, టొరంటో పక్కన మార్కమ్‌లో మా ఇల్లు. ఫిబ్రవరి నెల, శనివారం పొద్దున్న. రాత్రి పడ్డ మంచు మీద ఎండ కాసి, కిటికీలోంచి వెలుగు కళ్ళలోకి పొడుస్తోంది. మధ్యాహ్నం భోజనానికి కిచెనర్ ఊరి నుంచి చుట్టాలు వస్తున్నారు. చుట్టాలంటే ఇంకా కాలేదు. మా అమ్మాయి పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న అబ్బాయి, అతని తల్లీ తండ్రీ. పెద్దవాళ్ళం ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి. అక్క ఒక్కతీ చేసుకోలేదని మా బావమరిది పక్క ఊరు వాన్ నుంచి పొద్దున్నే వచ్చి, ఆవిడ చేతిలో కత్తి లాక్కుని పనిలో పడ్డాడు. అంత మంచివాడు. ఆ మంచితనంతోనే ఆ మాట అన్నాడు. అందుకే నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

సంగతేమిటో చెప్పేస్తాను. పేపర్ డెస్క్ మీద పనిచేసినవాణ్ణి, అసలు వార్తను మూడో పేరా దాటించడం నాకు చేతకాదు. నాకు చూపు పోతోంది. రెటీనా జబ్బు. అంచుల నుంచి మధ్యకి మూసుకుంటూ వస్తుంది. న్యూస్‌పేపర్‌ని గొట్టంలా చుట్టి కంటికి ఆనించుకుని చూడండి, ఎంత కనబడుతుందో నాకిప్పుడు అంత కనబడుతుంది. మందు లేదు. ఇది ఒకటి. రెండోది, నేను తాగుడు మానేశాను. మానేసి ఏడాది దాటింది. ఈ రెండు సంగతులూ మా బావమరిదికి తెలుసు. తెలిసే అన్నాడు.

“కళ్ళజబ్బని తెలిస్తే వెంటనే వంశంలో ఉందా అని అడుగుతారు బావా. పిల్లకి వస్తుందా, పిల్ల పిల్లలకి వస్తుందా అని లాగుతారు. అదే తాగుడనుకో, మనవాళ్ళలో తాగనివాడెవడు?”

“తాగుడు వంశంలో రాదా?” అన్నాను.

“వస్తే వచ్చింది. దానికోసం సంబంధాలు ఎవరూ వదులుకోరు.”

“మరి నేను మానేశాను కదరా.”

“మానేశావు, సంతోషం. మానేసినట్టు వాళ్ళకి తెలియాల్సిన పనేముంది? నువ్వేమీ అబద్ధం చెప్పక్కర్లేదు. చేతిలో ఒక గ్లాసు పట్టుకుని కూర్చో. ఆపిల్ జ్యూస్ పోస్తా, రంగు అదే కదా. ఎక్కడైనా తూలావనుకో, గ్లాసు చూసి వాళ్ళే అర్థం చేసుకుంటారు.”

మా ఆవిడ స్టవ్ దగ్గర ఉంది. పప్పు మెదుపుతోంది. మా వైపు తిరగలేదు.

దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని మనకో సామెత ఉంది. నా బతుకు కోరినవాడు నన్ను అడిగింది, ఎంతో కష్టపడి వదిలించుకున్న వేషాన్ని ఒక్క పూటకి మళ్ళీ వేసుకోమని. నేను సరేననలేదు. కాదనీ అనలేదు. పిల్ల పెళ్ళి మాట వచ్చేసరికి ఎంతటివాడికైనా నోరు పడిపోతుంది.

* * *

చిన్నప్పుడు దీన్ని రేచీకటి అనేవారు. వారానికి రెండుసార్లు పొన్నగంటి కూర పెట్టేవారు. దీపాలు పెట్టే వేళకి నేను గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. మా అమ్మ తమ్ముడూ అంతే. చీకటి పడేసరికి మంచం ఎక్కి, తెల్లారేదాకా దిగేవాడు కాదు. ఊరంతా ఆయన్ని బద్ధకస్తుడంది. ఆయన పోయేదాకా బద్ధకస్తుడిగానే ఉన్నాడు. ఇవాళ ఆలోచిస్తే ఆయనకి అదే సుఖంగా ఉండి ఉంటుందనిపిస్తుంది. బద్ధకస్తుణ్ణి తిడతారు, కాని వాడి పక్కన కూర్చుని పేకాడతారు.

నేను పేపర్లో డెస్క్ ఉద్యోగంలో చేరాను. ట్యూబ్‌లైట్ల కింద పని, చూపుతో ఇబ్బంది రాలేదు. ఎడిషన్ పంపాక ఇంటికి చేరడమే ఇబ్బంది. అందరం కలిసి తాగేవాళ్ళం. తాగినవాణ్ణి స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని దింపడానికి ఎవడో ఒకడు దొరుకుతాడు. కనబడనివాణ్ణి రోజూ ఎవడు దింపుతాడు? నేనిదంతా ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. కాని ఏర్పాటు బాగానే నడిచింది.

మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగం రావడంతో కెనడా వచ్చేశాం. ఆవిడ ఆఫీసు మార్కమ్‌లోనే. నాకు వాన్‌లో ఒక వేర్‌హౌస్‌లో పని దొరికింది. తెలుగు పేపర్లో హెడ్డింగులు పెట్టినవాడికి ఇక్కడ అట్టపెట్టెల మీద లేబుళ్ళు అంటించే పని ఇవ్వడంలో ఒక న్యాయం ఉందని మొదట్లో నవ్వుకునేవాణ్ణి. చలికాలం షిఫ్టు దిగేసరికి చీకటి. పార్కింగ్ లాట్‌లో మంచు గుట్టల మధ్య మా కారు వెతుక్కోవడానికి నాకు పట్టినంతసేపు ఎవరికీ పట్టదు. సంగతి అడిగితే నిద్రమత్తు అనేవాణ్ణి.

వారాంతాల్లో ఎవరో ఒకరి ఇంట్లో పార్టీ. ఆడవాళ్ళు పైన, మగవాళ్ళు బేస్‌మెంట్‌లో. మన బేస్‌మెంట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఒక మూల బార్ కౌంటరు, దాని పైన రెండు నీలం లైట్లు, మిగతాదంతా మసక. మెట్లు దిగుతూనే నేను ఎవరి కాలో తొక్కేవాణ్ణి, లేకపోతే టేబుల్ తన్నేవాణ్ణి.

“ఎడిటర్ గారు ఇంటి దగ్గరే మొదలెట్టి వచ్చారు!”

“ఆయనకి స్టార్టర్ అక్కర్లేదురా, డైరెక్ట్ ఎఫెక్టే.”

ఘొల్లున నవ్వేవారు. ఆ మాట పడేసరికి సగంసార్లు నేనింకా చుక్క కూడా ముట్టి ఉండను. ఆఖరి మెట్టు కనబడలేదు, అంతే. అయినా వాళ్ళతో కలిసి నవ్వేశాను. నవ్వాక, పేరు ఎలాగూ వచ్చింది కదా అని తాగాను. ఏళ్ళ తరబడి అలా తాగాను. నన్ను చూసి నవ్విన ఆ మనుషులే, ఇంటికెళ్ళే దారిలో కారులో పెళ్ళాలతో “పాపం ఆవిడెలా వేగుతోందో” అనుకునేవారని తర్వాత తెలిసింది. గ్లాసు నింపింది వాళ్ళు, జాలిపడిందీ వాళ్ళే. రెండు పనుల్నీ ఒకే సాయంత్రంలో సర్దుకున్నారు.

చివరికి డాక్టరు పరీక్ష చేశాడు. ఒక తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం పెట్టించి, ఎక్కడైనా చుక్కంత వెలుగు కనబడితే మీట నొక్కమన్నాడు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. చాలాసేపు వెలుగే రాలేదు. యంత్రం పాడైందేమో అన్నాను. పాడవలేదన్నాడు. ఇలాంటిది కనబడితే లైసెన్సులిచ్చే ఆఫీసుకి డాక్టరు రాయాలని ఇక్కడ చట్టం, రాశాడు, డ్రైవింగ్ లైసెన్స్ పోయింది, దాంతో వేర్‌హౌస్ ఉద్యోగమూ పోయింది.

అప్పుడు తాగాను చూడండి, పగలూ తాగాను. పరామర్శకి వచ్చినవాళ్ళకి కారణం కూడా నచ్చింది. “ఆయన పరిస్థితిలో ఎవరైనా తాగుతారండీ” అన్నారు. కారెట్ జ్యూస్ తాగమన్నారు. పొద్దున్నే పచ్చగడ్డి మీద నడవమన్నారు, ఇక్కడ ఏడాదిలో సగం గడ్డి మంచు కింద ఉంటుందని వాళ్ళకి తెలియనట్టు. “చూడ్డానికి మీ కళ్ళు బాగానే ఉన్నాయే” అన్నారు. ఒకావిడ నా మొహం ముందు వేళ్ళు పెట్టి “ఇవెన్ని?” అంది. మూడు అన్నాను. “మరి కనబడుతోందిగా!” అంది, నన్నేదో దొంగతనంలో పట్టుకున్నట్టు. నాకు కొట్టాలనిపించింది. కారెట్ జ్యూస్‌లో వోడ్కా కలుపుకుని తాగాను.

మానేసిన రోజు గురించి రాయకుండా ఉంటే బాగుండేది. కాని అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరనుకున్నాను. వంటింటి గట్టు మీద గ్లాసు పెట్టి సీసా వంచాను. చప్పుడు తేడాగా వచ్చింది. వేలు పెట్టి చూస్తే గ్లాసు పొడిగా ఉంది. పోసిందంతా గట్టు మీద పోసుకున్నాను. వంగి, గట్టుకి మూతి ఆనించి పీల్చాను. పశువు కుడితి తాగినట్టు. అంచు దాకా వచ్చింది కిందపడకుండా చేతులు అడ్డం పెట్టి మరీ పీల్చాను.

“డాడ్, ఐయామ్ రైట్ హియర్” అని వినబడింది.

మా అమ్మాయి. ఫ్రిజ్ పక్కన, నాకు రెండు బారల దూరంలో నిలబడి ఉంది. మొదట్నించీ అక్కడే ఉందట. నేను లోపలికి వచ్చేసరికే మంచినీళ్ళు తాగుతోందట. నేను పలకరిస్తాననుకుందట. పక్కనున్నది నాకు కనబడదు కదా. నేను సీసా తియ్యడం, వంచడం, నాకడం అన్నీ చూసింది. ఏడవలేదు. పేపర్ టవల్ తెచ్చి గట్టు తుడిచింది.

ఆ వారమే ఆసుపత్రిలో చేరాను. అక్కడ ఒళ్ళు వణికి, చెమటలు పోసి, పురుగులు పాకినట్టై పడ్డ బాధ ఎవరైనా రాయగలరు, నేను రాయను. తర్వాత వారం వారం ఒక చర్చి బేస్‌మెంట్‌లో మానేసినవాళ్ళ గ్రూపుకి వెళ్ళాను. అక్కడ లైట్లు బాగా ఉంటాయి, టీ నీళ్ళలా ఉంటుంది. మనసు మారి మానేశానని చెప్పను. మిగిలిన చూపుతో బతకాలంటే తల ఆగకుండా అటూ ఇటూ తిప్పుతూ వెతుక్కోవాలి. తాగితే తిప్పడం మర్చిపోతాను. మర్చిపోతే, ఉన్న ఆ కాస్త గొట్టం కూడా దండగ. నా పిల్ల నా వంటింట్లో నిలబడి ఉంటే నాకు తెలియాలి. ఇంతకంటే గొప్ప కారణం నా దగ్గర లేదు.

తెల్లకర్ర కూడా ఇచ్చారు, నడవడం నేర్పారు. టొరంటో డౌన్‌టౌన్‌లో, సబ్‌వేలో, ఎవరూ ఎరగని చోట తీసి వాడతాను. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేటప్పుడు మడిచి సంచీలో పెట్టుకుంటాను. అక్కడ బియ్యం బస్తాలు తన్నుకుంటూ తిరుగుతాను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. నేను పేపర్లో ఉన్న కాలంలో ఇలాంటివాళ్ళ మీద వచ్చే ఐటెమ్‌లకి హెడ్డింగులు పెట్టాను. చీకటిని జయించాడు, విధిని ఎదిరించాడు, మనోనేత్రంతో వెలుగు చూశాడు. ఆ మనోనేత్రం ఎక్కడుందో నాకింతవరకూ కనబడలేదు. జయించడం లేదండీ. మద్యం మీదా లేదు, చీకటి మీదా లేదు. పొద్దున్న లేస్తే రెండూ మంచం పక్కనే కూర్చుని ఉంటాయి. చికాకు ఉంటుంది. పాలగ్లాసు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం ఉంటుంది. ఆ హెడ్డింగులు పెట్టినందుకు ఎవరైనా అప్పుడే నన్నో తన్ను తన్ని ఉండాల్సింది.

* * *

చుట్టాలు చెప్పిన వేళకే వచ్చారు. బయటి తెల్లటి వెలుగు గుమ్మంలోంచి పడి, నాకు ఎదురుగా నీడలు మాత్రం కనబడ్డాయి. “నమస్కారమండీ” అని ముందుకి అడుగు వేశాను. వాళ్ళు అప్పుడే విప్పిన బూట్లు చాప మీద ఉన్నాయి. వాటి మీద పడి, గోడకి తగిలించిన కోట్లు పట్టుకుని నిలదొక్కుకున్నాను.

“మా బావ పొద్దున్నే కాస్త మొదలెట్టాడండీ” అన్నాడు బావమరిది, నవ్వుతూ నా భుజం పట్టుకుని. “ఆనందం పట్టలేక.”

“సెలవు రోజే కదా! మరేం పర్లేదు” అన్నాడు అబ్బాయి తండ్రి. ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. రిటైరైన ఇంజనీరు, నా ఈడువాడు. అప్పటిదాకా బిగుసుకుని ఉన్నట్టున్నాడు, నేను తూలేసరికి తేలికపడ్డాడు. నాకు చెయ్యి అందించాడట, నేను చూడలేదు. అదీ ఆ లెక్కలోనే పోయింది.

బావమరిది లెక్క తప్పలేదు. నేను తాగుబోతునని తెలిసి ఇంటికి కళ వచ్చింది. ఆ క్షణంలో నాకు పుట్టిన కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. “డాడ్, ఆర్ యూ ఓకే?” అని అడిగింది. ఓకే అన్నాను.

ఆడవాళ్ళూ పిల్లలూ పైన ఉండిపోయారు. మేం ముగ్గురం బేస్‌మెంట్‌కి దిగాం. మంచు వెలుగులోంచి ఆ మసకలోకి దిగితే చాలాసేపు నాకు ఏమీ ఉండదు. రెయిలింగ్ పట్టుకుని దిగి, సోఫా చేతికి తగలగానే కూలబడ్డాను. బావమరిది నా కుడిచేతిలో గ్లాసు పెట్టాడు. వాసన చూశాను. ఆపిల్ జ్యూసే. సోఫా చేతి మీద గ్లాసు ఆనించుకుని పట్టుకున్నాను. అబ్బాయి తండ్రి తను తెచ్చిన సీసా మూత తిప్పి, నాకు కుడిపక్క కుర్చీలో కూర్చున్నాడు. చుట్టరికం ఖాయమైపోయినట్టు అప్పుడే బావగారూ అనడం మొదలుపెట్టాడు.

“పేపర్లో చేసేవారంటగా బావగారూ? అందుకే! జర్నలిస్టులకీ పోలీసులకీ ఆ మాత్రం లేకపోతే బండి నడవదు.”

“ఇంజనీర్లకో?” అన్నాను.

“మాకు కాంట్రాక్టర్లు తాగిస్తారు. తేడా అంతే!” అని పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మనిషి మంచివాడు, ఇంకో సందర్భంలో ఐతే స్నేహం కుదిరేది.

మాటలు రోడ్ల మీదికీ, ఇళ్ళ రేట్ల మీదికీ వెళ్ళాయి. బావమరిది వాన్‌లో తన వేర్‌హౌస్ గురించి చెబుతున్నాడు. నేను అతని గొంతు వచ్చేవైపు తిరిగి వింటున్నాను.

మనకో మర్యాద ఉంది. పక్కవాడి విస్తట్లో అన్నం అయిపోవస్తుంటే అడక్కుండా వడ్డిస్తాం. అడిగితే వద్దంటాడు కాబట్టి అడగం. అక్కర్లేనివాడు చెయ్యి అడ్డం పెడతాడు. బేస్‌మెంట్‌లో గ్లాసులకీ అదే మర్యాద. కాని చెయ్యి అడ్డం పెట్టాలంటే గరిటె రావడం కనబడాలి. సీసా రావడం కనబడాలి.

గ్లాసు కాస్త బరువెక్కినట్టు అనిపించింది. చెయ్యి అలిసిందనుకున్నాను. కాసేపటికి గొంతు ఆరి, ఎత్తి ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

నాలిక మంటెత్తింది. విస్కీ. ఆపిల్ తీపి వెనకనుంచి వచ్చి చిగుళ్ళన్నీ పట్టేసుకుంది. వాసన వచ్చే ఉంటుంది, కాని గదంతా అదే వాసన, వాళ్ళిద్దరి గ్లాసుల్లోనూ అదే. నోట్లో ఆ గుక్క పెట్టుకుని కూర్చున్నాను. మింగొచ్చు. మింగితే ఎవరికీ తెలియదు. మింగనందుకు నాకు ఎవరూ ఏమీ ఇవ్వరు. పిల్ల పెళ్ళి, పెద్దమనిషి మర్యాద, బావమరిది ప్రేమ, అన్నీ మింగమనే చెబుతున్నాయి. ఒళ్ళు ఐతే చెప్పడం కాదు, అరుస్తోంది.

గ్లాసులోకే ఉమ్మేశాను.

“ఏమైంది బావగారూ, పొలమారిందా?”

“పొద్దుట్నించీ కాస్త ఎక్కువైందండీ” అని బావమరిది లేచాడు.

“పొలమారలేదు” అన్నాను. నా గొంతు పెద్దదైపోయింది. “నేను తాగను. మానేశాను. ఇందులో ఆపిల్ జ్యూస్ ఉండాలి. మీరు పోసినట్టు నాకు తెలియలేదు.”

“ఇక్కడే, మీ పక్కనే కదండీ పోశాను. మీరు ఊరుకుంటే…”

“పక్కది నాకు కనబడదు. కళ్ళజబ్బు. ఇందాక మీ బూట్ల మీద పడ్డదీ అందుకే. తాగి కాదు.”

“మా బావ జోకులు ఇలాగే ఉంటాయండీ…”

“నువ్వు నోర్ముయ్‌రా.”

ఇన్నేళ్ళలో వాణ్ణి ఆ మాట ఎప్పుడూ అనలేదు. పెద్దాయన గ్లాసు టేబుల్ మీద పెట్టిన చప్పుడైంది.

“ఇది వంశంలో ఉన్నదా?” అని అడిగాడు. బావగారూ అనడం మానేశాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న మీద కోపం రాలేదు. ఆ రోజంతా నన్ను నేరుగా అడిగిన ప్రశ్న అదొక్కటే.

“ఉంది. మా మేనమామకి ఉండేది.”

“మరి మీ అమ్మాయికి?”

“పైనే ఉంది. తననే అడగండి.”

ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళాడు. బావమరిది కదల్లేదు. “నీ మంచికే చేశా బావా” అన్నాడు. “పాడు చేసుకున్నావు.” నేను మాట్లాడితే ఏమంటానో నాకే భయం వేసి, లేచి గోడ పట్టుకుని పైకి వచ్చాను.

పైన అప్పటికే సంగతి తెలిసింది. మా అమ్మాయి నన్ను వంటింట్లోకి లాగి, తలుపు మూసింది.

“డాడ్, అతనికి తెలుసు. ఎప్పుడో చెప్పాను. మీ కళ్ళ గురించీ, మీరు సోబర్ అని కూడా. హీ వాజ్ ప్రౌడ్ ఆఫ్ యూ. వాళ్ళ పేరెంట్స్‌కి తనే చెబుదామనుకుంటున్నాడు. వై వుడ్ యూ డూ దిస్?”

తలుపు తోసుకుని వచ్చిన బావమరిది మీద పడింది. “మామయ్యా, యూ గేవ్ హిమ్ ఎ గ్లాస్? హిమ్?”

“ఆపిల్ జ్యూసేనమ్మా…”

“ఇట్స్ ఎ గ్లాస్!” అని అరిచింది. వాడు కోటు తీసుకుని, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. పొద్దుట్నించీ తరిగిన ఉల్లిపాయల కూర వాడొక్కడే తినలేదు.

మిగతావాళ్ళం తిన్నాం. మనవాళ్ళం ఏం జరిగినా అన్నం దగ్గర్నించి లేచిపోం. అబ్బాయి నా పక్కన కూర్చుని, “అంకుల్, పప్పు మీ ఎదురుగా, ఆవకాయ లెఫ్ట్‌లో ఉంది” అని మామూలుగా చెప్పాడు. అతని తల్లి వంకాయ బాగుందని రెండుసార్లు అంది. వెళ్తూ వెళ్తూ పెద్దాయన “ఇంటికెళ్ళి మాట్లాడుకుని ఫోన్ చేస్తాం” అన్నాడు. ఆ తర్వాత ఏమైందన్నది ఆ పిల్లలిద్దరిది. అది నేను రాయను.

* * *

వాళ్ళ కారు కదిలాక మా అమ్మాయి తలనొప్పిగా ఉందని గదిలోకి వెళ్ళింది. నేను మళ్ళీ బేస్‌మెంట్‌కి దిగాను. ఎందుకు దిగానో నాకు తెలుసు. సీసా అక్కడే ఉంది. కనబడలేదు, కాని బార్ కౌంటరు ఎన్ని అడుగులో, ఆ మూల ఏముంటుందో చూపు అక్కర్లేకుండా తెలిసినవాణ్ణి. సోఫాలో కూర్చున్నాను. అన్నం తిన్నా, మజ్జిగ తాగినా చిగుళ్ళలో ఆ తీపి పోలేదు. కోపం ఒంటినిండా ఉంది. కోపం ఉన్నప్పుడు తాగితే ఎంత హాయో మీలో కొందరికి తెలుసు.

మా ఆవిడ గ్లాసులు తియ్యడానికి దిగింది. నన్ను చూసి మెట్ల మీదే ఆగింది.

“వాణ్ణి అనకండి” అంది. “వాడు చిన్నప్పట్నించీ నేను చెప్పిందే చేస్తాడు.”

నేను ఆవిడ గొంతు వైపు తల తిప్పాను.

“నువ్వు చెప్పావా?”

“నేనే చెప్పమన్నాను. మీతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

“ఎందుకు?”

ఆవిడ కింది మెట్టు మీద కూర్చుంది. చీర సర్దుకున్న చప్పుడైంది.

“తాగుబోతు పెళ్ళాన్నంటే నాకు అలవాటైపోయిందండీ. ఎవరేమంటారో తెలుసు, ఏం జవాబు చెప్పాలో తెలుసు. ఇన్నేళ్ళు చెప్పాను. గుడ్డివాడి పెళ్ళామంటే ఏం చెప్పాలో తెలీదు నాకు. నాకెవరూ నేర్పలేదు. మీకు కర్ర ఇచ్చారు, మనిషిని పంపించి నడవడం నేర్పించారు. నాకేం ఇచ్చారు?”

తిట్టాలని నోటిదాకా వచ్చిన మాటలన్నీ ఉన్నాయి. ఏడాదిగా నేను మానేసి చూపిస్తుంటే, ఈవిడ నన్ను మళ్ళీ అందులోకే… ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చేస్తే నా కాళ్ళు కౌంటరు వైపు వెళ్తాయి. అంత దగ్గరలో ఉన్నాను.

“ఆ సీసా తియ్యి” అన్నాను. “పైకి తీసుకెళ్ళకు. ఇక్కడే లాండ్రీ సింక్‌లో పారబొయ్యి. నేను వింటాను.”

“అది వాళ్ళు తెచ్చింది. సగానికి పైగా ఉంది.”

“పారబొయ్యవే.”

లేచి వెళ్ళింది. మూత తిప్పిన చప్పుడు. సీసా వంచాక గుడగుడమని గాలి మింగుతూ పడింది. వాసన గది దాటి నా దాకా వచ్చింది. సోఫా అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పంపు విప్పింది, కట్టేసింది.

“అయిపోయింది” అంది.

“సీసా ఇలా తీసుకురా.”

తెచ్చి చేతికిచ్చింది. తలకిందులు చేసి అరచేతిలో దులిపాను. మూతిలోకి వేలు పోనిచ్చి తిప్పాను.

“నువ్వు నమ్మవా నన్ను?” అంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి నువ్వు అంది.

“ఇవాళ్టికి నమ్మను” అన్నాను.